ఎన్ అంటే మైనస్ ఐదు: హెర్మన్ హోలరిత్ కథ

ఒక బ్యాంకు పాత మెయిన్‌ఫ్రేమ్ నుంచి మన చేతికి ఒక డేటా ఫైల్ వచ్చిందనుకోండి. కామాలు ఉండవు, కాలమ్ పేర్లు ఉండవు. ఖాతా నంబరు, పేరు, తేదీ, డబ్బు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, ప్రతి రికార్డూ ఒకే పొడవున ఉంటుంది. దీన్నే ఫ్లాట్ ఫైల్ అంటారు. అందులో బ్యాలెన్స్ ఉండాల్సిన ఏడు స్థానాల్లో 001234ఎన్ అని కనిపించింది. ఆరు అంకెలు, చివర ఒక ఇంగ్లిష్ అక్షరం. పైథాన్‌లో దీన్ని నంబర్‌గా మార్చబోతే ఎర్రర్ వస్తుంది. మనలాంటి వాళ్ళకి మొదట తట్టే ఐడియా ఏంటంటే, ఆ అక్షరాన్ని పీకి పారేయడం. పీకేస్తే 1234 మిగులుతుంది, ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది, మనం టీ తాగడానికి వెళ్ళిపోతాం.

కానీ ఆ ఎన్ చెత్త కాదు. అది ఒక అంకె, దాని మీద ఒక గుర్తు. అంకె ఐదు, గుర్తు మైనస్. అంటే బాకీ ఉన్నవాడి ఖాతాలో మనం జమ చూపించాం, అది కూడా తప్పు మొత్తంతో. ఇంత చిత్రమైన పద్ధతి ఎవడు పెట్టాడురా బాబూ అని వెతుక్కుంటూ పోతే, దారి కంప్యూటర్లు పుట్టకముందుకి, అట్టముక్కకి రంధ్రాలు పెట్టిన ఒక మనిషి దగ్గరికి వెళ్తుంది. ఆయన పేరు హెర్మన్ హోలరిత్. మన సిలబస్‌లో కంప్యూటర్ చరిత్ర చాప్టర్లో ఈయనకి దక్కేది మహా అయితే రెండు లైన్లు, అది కూడా బాబేజ్ తర్వాత, రెండు మార్కుల ప్రశ్న కోసం.

హోలరిత్ 1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలో ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. స్కూల్లో ఇతనికి స్పెల్లింగ్ అస్సలు వచ్చేది కాదు. స్పెల్లింగ్ క్లాసు తప్పించుకోవడానికి కిటికీలోంచి దూకేవాడని కూడా ఒక కథ ఉంది. చివరికి ఇంట్లోనే ట్యూషన్ పెట్టించి చదివించారు. అక్షరాలతో ఇంత గొడవపడిన పిల్లాడు 19 ఏళ్ళకే, 1879లో, న్యూయార్క్‌లోని కొలంబియా స్కూల్ ఆఫ్ మైన్స్ నుంచి ఇంజినీర్‌గా బయటికొచ్చాడు. 19 అంటే ఇప్పుడు నా వయసు. నేను ఇంకా డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ రికార్డు రాస్తున్నాను, అది వేరే విషయం.

అతని ప్రొఫెసర్ విలియం ట్రోబ్రిడ్జ్ 1880 జనాభా లెక్కల ఆఫీసులో పనిచేస్తూ ఈ కుర్రాణ్ణి అసిస్టెంట్‌గా తీసుకెళ్ళాడు. ఫ్యాక్టరీల్లో ఆవిరి శక్తి, నీటి శక్తి ఎంత వాడుతున్నారో లెక్కగట్టే పని ఇచ్చారు. అక్కడ హోలరిత్ చూసింది ఏంటంటే, దేశంలోని ఐదు కోట్ల మంది వివరాలను గుమస్తాలు కాగితాల మీద గీతలు గీసి లెక్కపెడుతున్నారు. మన కిరాణా కొట్లో నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొడతారు చూడండి, దాదాపు ఆ పద్ధతే. మగవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టడానికి ఒకసారి, వాళ్ళలో పెళ్ళయినవాళ్ళు ఎంతమందో చూడ్డానికి ఇంకోసారి, పెళ్ళయినవాళ్ళలో విదేశాల్లో పుట్టినవాళ్ళ కోసం మరోసారి ఆ కాగితాలన్నీ తిరగేయాలి. 1880 లెక్కల పని పూర్తవడానికి ఏడేళ్ళకు పైనే పట్టింది. పదేళ్ళకోసారి లెక్కించి తీరాలని వాళ్ళ రాజ్యాంగంలో ఉంది. జనం పెరుగుతున్న వేగం చూస్తే తర్వాతి లెక్క తేలేసరికి దాని తర్వాతి లెక్క మొదలైపోయేలా ఉంది.

ఆ ఆఫీసులోనే డాక్టర్ జాన్ షా బిల్లింగ్స్ అనే పెద్దాయన ఉండేవాడు. మరణాల గణాంకాలు ఆయన చూసేవాడు. ఒక ఆదివారం ఆయన ఇంట్లో భోజనానికి హోలరిత్ వెళ్ళాడు. ఈ పిలుపు వెనక బిల్లింగ్స్ గారి కూతురు, చికెన్ సలాడ్ రెండూ ఉన్నాయని తర్వాత హోలరిత్ స్వయంగా చెప్పుకున్నాడు. తింటూ మాట్లాడుకుంటుంటే, ఈ లెక్కింపు పనిని చేయడానికి ఏదో ఒక యంత్రం ఉండాలి అన్న మాట బిల్లింగ్స్ నోట వచ్చింది. మనిషి వివరాలను కార్డు అంచున గుర్తులుగా పెట్టవచ్చన్న ఊహ కూడా ఆయనదేనంటారు. హోలరిత్ తర్వాత ఆయన దగ్గరికెళ్ళి ఇద్దరం కలిసి చేద్దామని అడిగాడు. బిల్లింగ్స్‌కి సమస్య తీరితే చాలు, యంత్రం మీద ఆయనకి ఆసక్తి లేదు. అలా ఆ ఐడియా మొత్తం కుర్రాడి చేతికొచ్చింది.

1882లో హోలరిత్ బోస్టన్‌లోని ఎంఐటీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. ఒక ఏడాదికే విసుగొచ్చింది. కారణం, చెప్పిన పాఠమే మళ్ళీ వచ్చే బ్యాచ్‌కి చెప్పాలి. ఈ ముక్క మన ఫ్యాకల్టీలో కొంతమందికి బాగా అర్థమవుతుందని నా అనుమానం. అక్కడి నుంచి వాషింగ్టన్ వెళ్ళి పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. అదో ఏడాది. కానీ ఆ ఏడాదిలో పేటెంట్ ఎలా రాయాలో, ఎలా కాపాడుకోవాలో నేర్చుకున్నాడు. ముందు ముందు ఆ చదువు అతనికి అన్నం పెట్టింది, చివర్లో కొంత చేటు కూడా చేసింది.

మొదట పొడవాటి కాగితపు రిబ్బన్ మీద రంధ్రాలు పెట్టి చూశాడు. దాంతో ఒక చిక్కు ఉంది. రిబ్బన్‌లో ఎక్కడో మధ్యలో ఉన్న ఒక మనిషి వివరం కావాలంటే మొత్తం చుట్ట తిప్పాలి. అదే మనిషికో విడి కార్డు ఉంటే కావాల్సినట్టు పేర్చుకోవచ్చు, విడదీయవచ్చు. ఈ ఆలోచనకి రైలు ప్రయాణం సాయపడింది. ఆ రోజుల్లో కొన్ని రైళ్ళలో కండక్టర్ టికెట్ మీద ప్రయాణికుడి పోలికలను రంధ్రాలుగా కొట్టేవాడు. జుట్టు రంగు ఇది, కళ్ళ రంగు ఇది, ముక్కు ఇంత అని. ఒకడి టికెట్ మీద ఇంకొకడు ప్రయాణం చేయకుండా అదో ఏర్పాటు. మనిషి ఆనవాళ్ళు ఒక అట్టముక్క మీద, ఫలానా చోట రంధ్రం ఉంటే ఫలానా అర్థం. హోలరిత్‌కి కావాల్సింది సరిగ్గా అదే.

1884లో మొదటి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1880ల మధ్యలో బాల్టిమోర్ నగరం మరణాల లెక్కల మీద దాన్ని పరీక్షించి చూశాడు. కార్డులకి రంధ్రాలు కొట్టడానికి అతను వాడింది నిజంగానే రైలు కండక్టర్ల పంచ్. వేల కార్డులు కొట్టీ కొట్టీ చెయ్యి వాచిపోయింది. పైగా ఆ పంచ్ కార్డు అంచు దాటి లోపలికి పోదు కాబట్టి మధ్య జాగా అంతా వృథా. ఈ నొప్పిలోంచే పాంటోగ్రాఫ్ పంచ్ పుట్టింది. ఒక చివర పిడి పట్టుకుని పలక మీద కావాల్సిన గుర్తు దగ్గర నొక్కితే, రెండో చివర కార్డులో సరైన చోట రంధ్రం పడుతుంది.

లెక్కపెట్టే యంత్రం సంగతి ఇంకా బాగుంటుంది. కార్డుని ఒక పలక మీద పెట్టి పైనుంచి సూదుల వరుసని దించుతారు. రంధ్రం ఉన్నచోట సూది కిందికి దిగి చిన్న గిన్నెలోని పాదరసాన్ని తాకుతుంది. కరెంటు సర్క్యూట్ పూర్తవుతుంది, ఎదురుగా ఉన్న డయల్లో ముల్లు ఒక గీత ముందుకి జరుగుతుంది. రంధ్రం లేకపోతే సూది అట్టకి ఆగిపోతుంది. కార్డు సరిగ్గా లెక్కకొచ్చిందని గంట మోగుతుంది. గంట మోగలేదంటే ఏదో తేడా ఉందని అర్థం. పక్కనే అరలున్న ఒక పెట్టె ఉండేది, కార్డు ఏ అరలో వేయాలో ఆ అర మూత తెరుచుకుని చూపించేది. ఉన్నా లేకా, ఒకటా సున్నానా అనే మన గొడవంతా అక్కడ పాదరసంలో మునుగుతూ తేలుతూ ఉండేదన్నమాట.

1889 జనవరి 8న పేటెంట్లు వచ్చాయి. అదే ఏడాది, 1890 లెక్కలకి ఏ పద్ధతి వాడాలో తేల్చడానికి పోటీ పెట్టారు. మొత్తం ముగ్గురు పోటీదారులు. మిగతా ఇద్దరూ, పిడ్జిన్, హంట్, రంగురంగుల చీటీలు కార్డులతో చేత్తో లెక్కపెట్టే పద్ధతులు తెచ్చారు. సెయింట్ లూయిస్ నగరంలోని 10,491 మంది పాత వివరాలు ఇచ్చి లెక్కించమన్నారు. వివరాలు ఎక్కించడానికి హోలరిత్‌కి 72 గంటల 27 నిమిషాలు పట్టింది, మిగిలిన ఇద్దరికీ 100 గంటలు దాటాయి. ఇక్కడిదాకా తేడా ఓ మోస్తరే. తర్వాత పట్టికలు తీయడానికి వాళ్ళకి 44 గంటల 41 నిమిషాలు, 55 గంటల 22 నిమిషాలు పడితే హోలరిత్ యంత్రం 5 గంటల 28 నిమిషాల్లో ముగించింది. ఇంక వాదనకి చోటెక్కడిది?

1890లో అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. కొలంబియా డాక్టరేట్ ఇచ్చింది, లూసియా టాల్కాట్‌తో పెళ్ళయింది, దేశం మొత్తం మనిషికో కార్డు చొప్పున అతని యంత్రాల కింద నుంచి నడిచింది. మొత్తం జనాభా సంఖ్య వారాల్లో తేలింది. 6 కోట్ల 26 లక్షలు. కొందరు పెద్దమనుషులు ఇంకా ఎక్కువ వస్తుందని ఆశపడ్డారు, రాకపోయేసరికి కొన్ని పత్రికలు యంత్రాన్నే తిట్టాయి. అవుట్‌పుట్ నచ్చకపోతే కంప్యూటర్‌ని తిట్టే అలవాటు ఎంత పాతదో చూడండి.

ఇంతవరకూ కార్డు మీద రంధ్రం అంటే ఒక అవును, అంతే. ఇక్కడ రంధ్రం ఉంటే మగ, అక్కడ ఉంటే ఆడ. మనం మొదలుపెట్టిన బ్యాలెన్స్ కాలమ్ ఇంకా పుట్టలేదు. అది రైల్వేలో పుట్టింది.

జనాభా లెక్కలు పదేళ్ళకోసారి వస్తాయి. మధ్యలో తొమ్మిదేళ్ళు యంత్రాలు ఖాళీ, ఇంట్లో పొయ్యి కూడా ఖాళీయే. అందుకని హోలరిత్ న్యూయార్క్ సెంట్రల్ రైల్వే తలుపు తట్టాడు. సరుకు రవాణాలో రోజూ కుప్పలు కుప్పలుగా బిల్లులు వచ్చేవి. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి, ఎంత బరువు, ఎంత చార్జీ. ఇక్కడ మనుషుల్ని లెక్కపెడితే చాలదు, మొత్తాలు కూడాలి. మొదట ఇచ్చిన యంత్రం వాళ్ళకి పనికిరాలేదు. దాన్ని మార్చి మళ్ళీ తెచ్చి, ఒప్పించాడు. 1896లో టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది రష్యా జనాభా లెక్కలకి కూడా ఈ యంత్రాలే వెళ్ళాయి.

కూడిక కోసం అతను కార్డుని నిలువు వరుసలుగా, అంటే కాలమ్‌లుగా ఆలోచించాల్సి వచ్చింది. ఒక కాలమ్‌లో సున్నా నుంచి తొమ్మిది దాకా చోట్లు. ఐదు చోట రంధ్రం ఉంటే ఆ కాలమ్ విలువ ఐదు. పక్కపక్కన నాలుగు కాలమ్‌లు కలిపితే నాలుగంకెల సంఖ్య. ఆ నాలుగింటి గుంపునే మనం ఇప్పుడు ఫీల్డ్ అంటున్నాం. ఏ కాలమ్ నుంచి ఏ కాలమ్ దాకా బరువు, ఎక్కడి నుంచి చార్జీ అన్నది కార్డు చెప్పదు. యంత్రం దగ్గర కూర్చున్నవాడికి తెలియాలి, దానికి తగ్గట్టు తీగలు కలపాలి. నాకు ఈ జీవితకథలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే. డేటా ఒకచోట, దాని అర్థం ఇంకోచోట. ఇవాళ్టి జేసాన్ ఫైల్లో ప్రతి విలువ పక్కనా దాని పేరు రాసి ఉంటుంది కాబట్టి మనకి ఈ బాధ తెలీదు.

వ్యాపారంలో హోలరిత్ మెతక మనిషి కాదు. జనాభా లెక్కలవాళ్ళకి యంత్రాలు అద్దెకి ఇచ్చేవాడు. 1900 లెక్కలకి కార్డులు వాటంతట అవే లోపలికి జారే యంత్రాలు చేశాడు, పని వేగం ఇంకా పెరిగింది, అద్దె మాత్రం తగ్గలేదు. కొత్తగా వచ్చిన డైరెక్టర్ సైమన్ నార్త్ ఈ బిల్లులు చూసి ఒప్పుకోలేదు. ఇద్దరూ ఇద్దరే. 1905కల్లా సంబంధం తెగిపోయింది. ప్రభుత్వం జేమ్స్ పవర్స్ అనే ఇంజినీర్ని పెట్టుకుని సొంతంగా యంత్రాలు చేయించింది, హోలరిత్ మొదటి పేటెంట్ల గడువు కూడా అప్పటికి తీరిపోయింది. అతను కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. ఆ పవర్సే తర్వాత సొంత కంపెనీ పెట్టి పోటీకి వచ్చాడు. నా అభిప్రాయం అడిగితే ఇందులో న్యాయం నార్త్ వైపే కాస్త ఎక్కువ ఉంది. దేశం మొత్తం లెక్క ఒక్క మనిషి అద్దె యంత్రం మీద ఆధారపడటం ఏ ప్రభుత్వానికైనా భయమే కదా.

1911లో చార్లెస్ ఫ్లింట్ అనే ఫైనాన్షియర్ కొన్ని కంపెనీలని కలిపి ఒక పెద్ద కంపెనీ చేశాడు. ఒకటి కొట్లో వాడే తూకం యంత్రాలది, ఒకటి ఉద్యోగుల హాజరు గడియారాలది, ఇంకొకటి హోలరిత్‌ది. దానికి సీటీఆర్ అని పేరు. హోలరిత్ వాటాకి 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. సలహాదారుగా కొన్నేళ్ళు కొనసాగాడు. 1914లో థామస్ వాట్సన్ వచ్చి పగ్గాలు పట్టుకున్నాక కంపెనీ తీరే మారిపోయింది. హోలరిత్ 1921లో పూర్తిగా తప్పుకున్నాడు. 1924లో కంపెనీ పేరు ఐబీఎం అయింది. అతను మాత్రం వర్జీనియాలో పొలం, ఆవులు, పడవలు పెట్టుకుని, మంచి భోజనం, చుట్టలు, ఆరుగురు పిల్లలతో కాలం గడిపాడు. 1929 నవంబర్ 17న వాషింగ్టన్‌లో గుండెపోటుతో చనిపోయాడు.

అతని యంత్రాలకి లైసెన్సు తీసుకుని 1910లో జర్మనీలో పుట్టిన డెహోమాగ్ అనే కంపెనీ 1933లో హిట్లర్ ప్రభుత్వం తరఫున జనాభా లెక్కలు చేసింది. ఎవరు ఏ మతం వాళ్ళో కూడా కార్డులోకి ఎక్కింది. హోలరిత్ అది చూడలేదు. ఆ కార్డుల మీదా రంధ్రాలు మామూలుగానే ఉన్నాయి.

ఇప్పుడు మన ఎన్ దగ్గరికి వద్దాం. అది హోలరిత్ చేతి పని కాదు, అతని తర్వాతివాళ్ళది, కానీ అతని అట్ట మీదే జరిగింది. 1928లో ఐబీఎం కార్డులో గుండ్రటి రంధ్రాలు తీసేసి సన్నటి నిలువు దీర్ఘచతురస్రాలు పెట్టింది. దాంతో 45 కాలమ్‌ల చోట 80 పట్టాయి. ఒక్కో కాలమ్‌లో 12 చోట్లు. కింద సున్నా నుంచి తొమ్మిది, వాటి పైన 11, 12 అనే రెండు అదనపు వరుసలు. 1930ల నాటికి అక్షరాలు కూడా రాయాల్సి వచ్చింది, కొత్తగా చోటు లేదు. అందుకని ఒకే కాలమ్‌లో రెండు రంధ్రాలు పెట్టారు. 12వ వరుసతో ఒకటి నుంచి తొమ్మిది కలిపితే ఎ నుంచి ఐ దాకా. 11తో కలిపితే జె నుంచి ఆర్ దాకా. సున్నాతో రెండు నుంచి తొమ్మిది కలిపితే ఎస్ నుంచి జెడ్ దాకా.

మైనస్ సంఖ్యలకీ ఇదే ఇరుకు. మైనస్ గుర్తు కోసం ఒక కాలమ్ మొత్తం పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు, ఉన్నవే 80. కాబట్టి సంఖ్యలోని చివరి అంకె మీదే 11వ వరుసలో ఇంకో రంధ్రం కొట్టేవాళ్ళు. ఇప్పుడు చూడండి. ఐదు చోట రంధ్రం, 11 చోట రంధ్రం. అది మైనస్ ఐదు. జె ఒకటి, కె రెండు అని లెక్కపెట్టుకుంటూ వెళ్తే అది ఎన్ కూడా. కార్డు మీద రెండింటికీ తేడా రవ్వంత కూడా లేదు. పేరు ఉండే కాలమ్‌లో ఉంటే ఎన్, డబ్బు కాలమ్‌లో ఉంటే మైనస్ ఐదు.

కార్డులు పోయినా ఇది పోలేదు. 1964లో ఐబీఎం సిస్టమ్ 360 ప్రకటించినప్పుడు, దాని ఎబ్సిడిక్ కోడ్‌లో కార్డు వరుసలనే బైట్‌లోకి తెచ్చారు. హెక్సాలో మామూలు అంకె ఐదు ఎఫ్5. ఈ అక్షరం సి5. ఎన్ అక్షరం డి5. వెనక సగం అంకె, ముందు సగం గుర్తు. సి అంటే ప్లస్, డి అంటే మైనస్, ఎఫ్ అంటే గుర్తు లేదు. దీన్ని జోన్డ్ డెసిమల్ అంటారు. చివరి అంకె సున్నా అయితే ఇంకా తమాషా. ప్లస్ సున్నా తెరిచే ఫ్లవర్ బ్రాకెట్‌గా, మైనస్ సున్నా మూసే ఫ్లవర్ బ్రాకెట్‌గా కనబడతాయి. 10{ అని ఉంటే ఎవరో సి ప్రోగ్రామ్ మధ్యలో వదిలేసి వెళ్ళారనుకోకండి, అది ప్లస్ 100. పీసీల మీద వచ్చిన కొన్ని కోబాల్ కంపైలర్లు మళ్ళీ తమ సొంత పద్ధతి పెట్టుకున్నాయి, వాటిలో మైనస్ ఐదు చిన్నబడి యు. కాబట్టి ఫైల్ ఏ యంత్రం మీద పుట్టిందో కూడా అడగాలి.

జోన్డ్‌లో అంకెకో బైట్ పోతుంది. సగం బైట్ వృథా అని ప్యాక్డ్ డెసిమల్ తెచ్చారు, కోబాల్‌లో దాని పేరు కాంప్-3. బైట్‌కి రెండు అంకెలు, చివరి సగం బైట్‌లో గుర్తు. మైనస్ 12345 అంటే 12, 34, 5డి. మూడు బైట్లతో సరి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఫైల్ తెచ్చేటప్పుడు టెక్స్ట్ మోడ్‌లో తెస్తే, ప్రతి బైట్‌నీ ఎబ్సిడిక్ అక్షరం అనుకుని ఆస్కీలోకి మార్చేస్తారు. జోన్డ్ సంఖ్య దీన్ని తట్టుకుంటుంది, ఎన్ ఎన్‌గానే వస్తుంది. ప్యాక్డ్ తట్టుకోదు. ఉదాహరణకి ప్లస్ 400ని మూడు బైట్లలో రాస్తే 00, 40, 0సి. ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ స్పేస్. ఆస్కీలో స్పేస్ కోడ్ 20. మిగతా రెండు బైట్లూ రెండు కోడ్‌లలోనూ ఒకటే కాబట్టి మారవు. మార్చాక మన దగ్గరున్నది 00, 20, 0సి. చదివితే ప్లస్ 200. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఒకరి ఖాతాలో 400 ఉన్నది 200 అయి కూర్చుంటుంది. పీకేసిన ఎన్ కన్నా ఇది ఎక్కువ భయం, ఎందుకంటే ఇక్కడ కంటికి అనుమానం కలిగించే అక్షరం కూడా లేదు. అందుకే ప్యాక్డ్ ఫీల్డులున్న ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెచ్చుకుని, ఏ ఫీల్డుకి ఆ ఫీల్డు విడదీసి, పేర్లూ ఊళ్ళూ ఉన్నవాటిని మాత్రమే ఆస్కీలోకి మార్చాలి.

కాంప్ అని ఉంటే మామూలు బైనరీ. అక్కడ చూసుకోవాల్సింది వరుస ఒక్కటే. మెయిన్‌ఫ్రేమ్‌లో పెద్ద బైట్ ముందు ఉంటుంది, మన ల్యాప్‌టాప్‌లో చిన్నది ముందు. 01, 00 అని ఉన్న రెండు బైట్లు అక్కడ 256, ఇక్కడ అజాగ్రత్తగా చదివితే 1.

మన తెలుగువాళ్ళకి ఈ కార్డుతో ఒక బంధుత్వం ఉంది. ఏడాదిని నాలుగంకెలకి బదులు రెండంకెల్లో రాసే అలవాటు వెనక ఉన్న కారణాల్లో ఈ 80 కాలమ్‌ల ఇరుకు ఒకటి. 2000 వచ్చేముందు ఆ రెండంకెలని సరిచేయడానికి ప్రపంచం కోబాల్ తెలిసినవాళ్ళ కోసం వెతికింది. అప్పుడు అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్ళు మన ఇళ్ళల్లో, మన బంధువుల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళనెవర్నైనా పట్టుకుని కాంప్-3 అంటే ఏంటి బాబాయ్ అని అడిగి చూడండి, వాళ్ళ కళ్ళలో వెలుగు వస్తుంది.

వాళ్ళు మొదట అడిగేది కాపీబుక్ ఏది అని. ఫైల్లో ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏముందో రాసి పెట్టిన కోబాల్ పేజీ అది. రైల్వే ఆఫీసులో తీగలు కలిపినవాడి తలలో ఉన్నది ఇప్పుడు ఇందులో ఉంటుంది. మన బ్యాలెన్స్ ఫీల్డు ఎదురుగా పిక్ ఎస్9(5)వి99 అని ఉందనుకోండి. ఎస్ అంటే గుర్తు ఉంది. ఐదు అంకెలు, తర్వాత వి, తర్వాత రెండు అంకెలు. వి అంటే దశాంశ బిందువు ఉండాల్సిన చోటు, కానీ ఫైల్లో ఆ బిందువు ఎక్కడా ఉండదు, దానికి బైట్ కూడా ఇవ్వరు. మొత్తం ఏడు స్థానాలు. 001234ఎన్ ఇప్పుడు మైనస్ 123.45 అయింది. అదే కాపీబుక్‌లో వి లేకపోతే మైనస్ 12345.

కాపీబుక్ దొరక్కపోతే? అలాంటి ఫైళ్ళు చాలావాటికి చివర ఒక ట్రెయిలర్ రికార్డు ఉంటుంది, అందులో రికార్డులెన్నో, మొత్తం డబ్బెంతో రాసి ఉంటుంది. మనం ఊహించిన పద్ధతిలో అన్ని లైన్లూ చదివి కూడి, ఆ మొత్తంతో పోల్చుకోవాలి. పైసా తేడా వచ్చినా ఏదో ఒక అక్షరాన్ని తప్పు చదివామనే లెక్క. బిందువు సంగతి మాత్రం ఈ పోలికతో తేలదు, ట్రెయిలర్‌లోనూ అది రాసి ఉండదు. దానికి ఆ బ్యాంకులో పాతకాలం నుంచి పనిచేస్తున్నవాళ్ళని వెళ్ళి అడగాల్సిందే.